మూడో తరగతిలోనే మొదలయ్యే దరఖాస్తు

మణుగూరు చుట్టుపక్కల ఐదో తరగతి పిల్లలున్న ఇళ్లలో తొలకరితో పాటే ఒక ప్రశ్న మొదలవుతుంది: "మీ పిల్లతో నవోదయ రాయిస్తున్నారా?" ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా చదువు, తిండి, బట్టలు, పుస్తకాలు, హాస్టలు అన్నీ కేంద్ర ప్రభుత్వమే చూసుకునే బడి అది. సీటు వస్తే ఏడేళ్లు నిశ్చింత. అందుకే గైడు కొంటారు, సాయంత్రం ట్యూషన్ పెట్టిస్తారు. పరీక్ష రెండు గంటలు. ఆ రెండు గంటల గురించి అందరూ మాట్లాడతారు. తమ పిల్ల ఏ జిల్లా వరుసలో రాస్తోంది, పల్లె వరుసలోనా పట్నం వరుసలోనా అన్నది మాత్రం చాలామంది హాల్‌టికెట్ చేతికొచ్చాక గానీ చూసుకోరు. ఆ వరుసను తేల్చేవి బడి ఉన్న చోటు, ఆ చోటు చుట్టూ ప్రభుత్వం గీసిన హద్దులు. గడిచిన పదేళ్లకు పైగా మన దగ్గర ఆ హద్దులు చాలాసార్లే కదిలాయి. కాబట్టి దరఖాస్తు తయారీని హద్దుల నుంచే మొదలుపెడదాం.

ముందు హద్దుల సంగతి

2014లో రాష్ట్ర విభజనతో పాటు పోలవరం ముంపు పేరిట ఖమ్మం జిల్లా నుంచి కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలతో పాటు భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, దాని చుట్టూ ఉన్న ఎటపాక లాంటి ఊళ్లు అటు వెళ్లాయి. 2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లాను చీల్చి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చేశారు. మణుగూరు, పినపాక, అశ్వాపురం కొత్త జిల్లాలోకి వచ్చాయి. పినపాక నుంచి కరకగూడెం విడిపోయి వేరే మండలమైంది.

మణుగూరు 2005లోనే మున్సిపాలిటీ అయింది. షెడ్యూల్డ్ ఏరియా చిక్కు వల్ల 2020లో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగినా ఇక్కడ జరగలేదు. కౌన్సిల్ లేకపోయినా నోటిఫికేషన్ ప్రకారం అది పట్టణమే. 2025లో కొత్తగూడెం, పాల్వంచ మున్సిపాలిటీలతో పాటు సుజాతనగర్ మండలంలోని పంచాయతీలను కలిపి కొత్తగూడెం కార్పొరేషన్ చేశారు. అప్పటిదాకా పల్లె బడులైనవి ఒక్క ఉత్తర్వుతో పట్నం బడులయ్యాయి.

అన్నిటికంటే పెద్ద మార్పు 2024 డిసెంబరు 6న వచ్చింది. ఆ రోజు కేంద్ర మంత్రివర్గం దేశంలో 28 కొత్త నవోదయ విద్యాలయాలకు ఆమోదం తెలిపింది. తెలంగాణకు దక్కిన ఏడింటిలో భద్రాద్రి కొత్తగూడెం ఒకటి. అప్పటిదాకా మణుగూరు పిల్లల నవోదయ అంటే కొత్తగూడెం, ఖమ్మం రెండూ దాటి కూసుమంచి మండలం పాలేరులో ఉన్నదే. జిల్లా వేరైనా బడి పాతదే కావడానికి కారణం నవోదయ నిబంధనల్లోనే ఉంది: ఒక జిల్లా చీలినప్పుడు, కొత్త జిల్లాలో విద్యాలయం మొదలయ్యే వరకు పాత జిల్లా హద్దునే లెక్కలోకి తీసుకుంటారు. అంటే 2016 తర్వాత కూడా రెవెన్యూ పనికి కొత్తగూడెం, నవోదయ సీటుకు ఖమ్మం. కొత్త విద్యాలయంతో ఆ లెక్క మారుతుంది.

మారేది ప్రయాణ దూరం ఒక్కటే అనుకుంటే పొరపాటు. నవోదయలో ఎస్సీ, ఎస్టీ సీట్లు ఆ జిల్లా జనాభాలో వాళ్ల వాటాను బట్టి ఉంటాయి. జాతీయ వాటా అయిన 15 శాతం, 7.5 శాతానికి తగ్గకూడదు, రెండూ కలిపి 50 శాతం దాటకూడదు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఖమ్మంలో ఎస్టీలు సుమారు 27 శాతం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాగా విడదీసి చూస్తే వాళ్ల వాటా మూడో వంతు దాటుతుంది. 80 సీట్లున్న విద్యాలయంలో 27 శాతమంటే 21 లేదా 22 సీట్లు. ఎస్సీలకు 12 సీట్లు పోను 50 శాతం గీత దగ్గర ఆగినా ఎస్టీల వాటా స్థూలంగా 28 దాకా వెళ్లగలదు. ఒక హద్దు జరిగితే కోయ, లంబాడా పిల్లలకు ఇంత తేడా వస్తుంది.

మొదటి మెట్టు: బడి చిరునామా తేల్చుకోవడం

నవోదయ సీట్లలో కనీసం 75 శాతం ఆ జిల్లా గ్రామీణ ప్రాంతాల పిల్లలకే. 80 సీట్లయితే 60 వాళ్లవి. మిగతా 20 మెరిట్ ప్రకారం అందరికీ, వాటిలోనూ పల్లె పిల్లలు పోటీ పడవచ్చు. పట్నం పిల్లలు ఆ 20 కోసమే పోటీ పడాలి. మొత్తం సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకు.

ఇక్కడ గ్రామీణం అంటే ఇల్లు పల్లెలో ఉండటం కాదు. మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు పొందిన బడిలో చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్కరోజు పట్నం బడిలో చదివినా పట్నం అభ్యర్థే. గ్రామీణమా, పట్టణమా అన్నది దరఖాస్తు చివరి తేదీ నాటికి ఉన్న ప్రభుత్వ నోటిఫికేషన్‌ను బట్టి తేలుతుంది. పట్టణంగా ప్రకటించనిదంతా గ్రామీణమే.

ఈ రూలును మన ఊళ్లకు అన్వయించి చూడండి. పినపాక, కరకగూడెం, అశ్వాపురం మండలాల్లో మున్సిపాలిటీ లేదు, అక్కడి బడులన్నీ గ్రామీణమే. మణుగూరు మండలంలో పగిడేరు లాంటి పంచాయతీల బడులూ అంతే. మున్సిపల్ హద్దు లోపలి బడి ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా పట్టణమే. పల్లెలో ఇల్లుండి, ఇంగ్లిష్ మీడియం కోసం రోజూ ఆటోలోనో స్కూలు వ్యానులోనో మణుగూరు టౌను బడికి పిల్లను పంపే తల్లిదండ్రులు చాలామందే. వ్యాను ఎక్కింది మూడో తరగతిలోనైతే ఆ పిల్ల 60 సీట్ల వరుస వదిలి 20 సీట్ల వరుసలోకి వెళ్లినట్టే. అందుకే ఈ దరఖాస్తు ఐదో తరగతిలో కాదు, మూడో తరగతిలో మొదలవుతుంది అనేది.

టౌనుకు ఆనుకుని ఉన్న ఊళ్లలో ఇది మరీ చిక్కు. హెడ్మాస్టరు టేబుల్ ముందు తరచూ నడిచే సంభాషణ ఇలా ఉంటుంది:

"సారూ, మా ఇల్లు పంచాయతీలనే ఉంది. పన్ను గూడ పంచాయతీకే కడుతున్నం. రూరల్ అని రాయండి."

"మీ ఇల్లు ఎక్కడుందని కాదమ్మా అడిగేది. పాప మూడో తరగతి ఏ బడిలో చదివింది? ఆ బడి ఏ హద్దులో ఉంది?"

ఆ రెండు ప్రశ్నలకు జవాబు దొరికే చోట్లు మూడు: బడి గుర్తింపు పత్రం, మండల విద్యాధికారి కార్యాలయం, తహసీల్దారు కార్యాలయం. నోటిమాట పనికిరాదు. రాతపూర్వకంగా తీసుకోండి.

రెండో మెట్టు: ఏ తలుపు ఏ తరగతిలో

చురుకైన పిల్లలకు వేరే బడి అన్న ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. 1971 నవంబరు 23న నల్గొండ జిల్లా సర్వేల్‌లో ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు గురుకుల పాఠశాల మొదలుపెట్టించారు. ఆ తర్వాత ఆయనే కేంద్ర మానవ వనరుల మంత్రిగా ఉండగా నవోదయలు దేశమంతా విస్తరించాయి. ఇప్పుడు మన పిల్లల ముందున్న తలుపులు ఎక్కువే, కానీ ఒక్కొక్కటి ఒక్కో తరగతిలో తెరుచుకుంటుంది.

నాలుగో తరగతిలో ఉండగా రాష్ట్ర గురుకులాల ఉమ్మడి పరీక్ష. ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ గురుకులాల్లో ఐదో తరగతి సీట్లకు ఇదే దారి. రెండు గంటలు, 100 మార్కులు: తెలుగు 20, ఇంగ్లిష్ 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మెంటల్ ఎబిలిటీ 10. ఇక్కడా పల్లె, పట్నం తేడా ఉంది, కాకపోతే ఆదాయంలో: పల్లెలో ఏడాదికి 1,50,000 రూపాయలు, పట్నంలో 2,00,000 దాటకూడదు.

ఐదో తరగతిలో ఉండగా నవోదయ, ఏకలవ్య, ఆదర్శ పాఠశాలల పరీక్షలు. ఏకలవ్య బడులు ప్రధానంగా గిరిజన పిల్లలవి, తరగతికి 60 మంది. మనకు గోదావరి అవతల చర్ల, దుమ్ముగూడెంలోనూ, ఇటు గుండాలలోనూ ఉన్నాయి.

ఒక తలుపు తెరుచుకుంటే ఇంకో తలుపు మూసుకునే సందర్భం కూడా ఉంది. నవోదయకు రాయాలంటే ఐదో తరగతి ఆ విద్యాలయ పరిధిలోని జిల్లాలోనే చదువుతూ ఉండాలి. గురుకుల పరీక్షలో సీటొచ్చి పిల్ల వేరే జిల్లా గురుకులంలో ఐదో తరగతి చేరితే సొంత జిల్లా నవోదయ అర్హత పోతుంది. గురుకులం ఇదే జిల్లాలో ఉన్నా, అది పట్టణ హద్దులో ఉంటే గ్రామీణ కోటా పోతుంది. గురుకుల సీటు వదులుకోమని కాదు. చేతిలో ఉన్న సీటు రాబోయే సీటు కంటే ఎప్పుడూ గట్టిదే. ఏది తీసుకుంటే ఏది పోతుందో ముందే తెలిసి నిర్ణయించుకోండి.

మూడో మెట్టు: పుట్టిన తేదీ

నవోదయ వయసు హద్దు కచ్చితంగా ఉంటుంది. 2026-27 ప్రవేశానికి 2014 మే 1కి ముందు గానీ, 2016 జూలై 31 తర్వాత గానీ పుట్టి ఉండకూడదు. ఏటా ఈ కిటికీ ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. ఏ కులానికీ సడలింపు లేదు. గూడేల్లో బడి రిజిస్టరులో జూన్‌లో ఏదో ఒక తేదీ రాసేసి ఉంటుంది, ఆధార్‌లో జనవరి 1 ఉంటుంది, జనన ధ్రువపత్రం అసలే ఉండదు. మూడు కాగితాల్లో మూడు తేదీలుంటే సీటొచ్చాక పరిశీలనలో ఆగిపోతుంది. జనన ధ్రువపత్రం తీయించి, దాని ప్రకారం ఆధార్, బడి రికార్డు రెండూ సరిచేయించడానికి నెలలు పడుతుంది. నాలుగో తరగతి వేసవి సెలవులు ఈ పనికి మంచి సమయం. పేరు స్పెల్లింగు, తండ్రి పేరు కూడా అప్పుడే ఒక్కటిగా చేయించండి.

నాలుగో మెట్టు: ఫైలు

ఒక అట్ట ఫైలు కొని ఇవి పెట్టండి: జనన ధ్రువపత్రం, పిల్ల ఆధార్, తల్లి లేదా తండ్రి ఆధార్, నివాస ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, మూడు నుంచి ఐదు దాకా ఏ బడిలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చదివిందో చెప్పే స్టడీ సర్టిఫికెట్లు, బడి ఇచ్చిన విద్యార్థి శాశ్వత నంబరు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. బీసీ పిల్లలైతే కేంద్ర ఓబీసీ జాబితా ప్రకారం ఉన్న ధ్రువపత్రం కావాలి, రాష్ట్ర బీసీ ధ్రువపత్రం ఒక్కటే సరిపోదు. నవోదయలో ఓబీసీలకు 27 శాతం సీట్లున్నాయి. మీసేవలో అర్జీ పెట్టేటప్పుడే ఏ నమూనా కావాలో చెప్పాలి.

కుల ధ్రువపత్రం దగ్గర మన అడవి అంచుకే ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. 2005 తర్వాత సల్వాజుడుం నాటి హింసకు తాళలేక ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి ఈవలికి వచ్చిన గొత్తికోయ కుటుంబాలు మణుగూరు, పినపాక, అశ్వాపురం అడవుల్లో ఉన్నాయి. అక్కడ ఎస్టీలైనా ఇక్కడ వాళ్లకు ఎస్టీ ధ్రువపత్రం దొరకడం లేదు, ఎందుకంటే తెగ గుర్తింపు రాష్ట్ర హద్దుకు కట్టుబడి ఉంటుంది. ఇక్కడే పుట్టి, ఇక్కడి బడిలోనే అక్షరాలు దిద్దిన పిల్లలకు కూడా ఇదే పరిస్థితి. ధ్రువపత్రం లేనంత మాత్రాన పరీక్షకు దూరం కానక్కర్లేదు. జనరల్ వరుసలో రాయవచ్చు, పల్లె బడిలో మూడేళ్లు చదివి ఉంటే గ్రామీణ కోటా వర్తిస్తుంది. ఈ గూడేల పిల్లలకు ఆధార్, బడి రికార్డు సరిగ్గా ఉండేలా ఎవరో ఒక టీచరు పట్టించుకోకపోతే వాళ్లు దరఖాస్తు దాకా రారు.

ఐదో మెట్టు: దరఖాస్తు నింపడం

నవోదయ ఆరో తరగతి దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఉచితం. నోటిఫికేషన్ సాధారణంగా జూన్ ప్రాంతంలో వస్తుంది. ముందు ప్రాస్పెక్టస్ దించుకుని, అందులోని ధ్రువీకరణ నమూనాను ప్రింటు తీయించి బడికి తీసుకెళ్లాలి. హెడ్మాస్టరు అందులో పిల్ల చదువు వివరాలు నింపి, సంతకం చేసి, స్టాంపు వేస్తారు. ఫొటో అతికించాలి, పిల్ల సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం ఉండాలి. ఆ కాగితాన్ని స్కాన్ చేసి ఎక్కించాలి.

ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు తొందరలో ఉంటాడు, వెనక పది మంది నిలబడి ఉంటారు. అయినా ఐదు గడులు మీరే తెర మీద చదివి సరిచూసుకోండి.

జిల్లా, బ్లాకు: మణుగూరు బ్లాకు ఆ ఏడాది ఏ విద్యాలయ కింద చూపిస్తున్నారో ప్రాస్పెక్టస్‌లో చూసి నింపండి. నిరుడు పక్కింటివాళ్లు ఏం నింపారన్నది కొలమానం కాదు.

ప్రాంతం: రూరల్, అర్బన్‌లలో మొదటి మెట్టులో తేలిందే పెట్టాలి. అర్బన్ పిల్లకు రూరల్ పెడితే పరిశీలనలో సీటు పోతుంది. రూరల్ పిల్లకు అర్బన్ పెడితే ఉన్న హక్కు చేజేతులా వదులుకున్నట్టు.

వర్గం: ధ్రువపత్రం చేతిలో ఉన్నదే.

మూడు, నాలుగు, ఐదు తరగతుల బడి వివరాలు: స్టడీ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే.

పరీక్ష భాష: 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది, పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. పుస్తకం ఇంగ్లిష్‌దని పరీక్షా ఇంగ్లిష్‌లో పెట్టేస్తారు చాలామంది. భాషా విభాగంలో 25 మార్కులకు పేరాలు చదివి జవాబులు గుర్తించాలి. పిల్ల ఏ భాషలో వేగంగా చదివి అర్థం చేసుకుంటుందో ఇంట్లోనే ఒక పేరా ఇచ్చి చూసి, నిబంధన ఒప్పుకునే మేరకు ఎంచుకోండి.

గడువు ముగిశాక కొద్ది రోజులు సవరణకు అవకాశం ఇస్తారు. వర్గం, ప్రాంతం, పరీక్ష భాష లాంటి కొన్ని గడులే మార్చనిస్తారు. ప్రింటు తీసుకుని, ఇంటికెళ్లి తీరిగ్గా ఇంకోసారి చదవండి.

ఆరో మెట్టు: సాధన

మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, 120 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. మెంటల్ ఎబిలిటీ 40 ప్రశ్నలు, 50 మార్కులు. లెక్కలు 20 ప్రశ్నలు, 25 మార్కులు. భాష 20 ప్రశ్నలు, 25 మార్కులు.

సగం మార్కులున్న మెంటల్ ఎబిలిటీలో అక్షరాలే ఉండవు, అన్నీ బొమ్మలు. నాలుగింట్లో తేడా బొమ్మ, వరుసలో తర్వాతి బొమ్మ, అద్దంలో కనిపించే బొమ్మ, మడత కాగితానికి చిల్లు పెడితే విప్పాక ఎలా ఉంటుంది, ఇలా పది రకాలు, ఒక్కో రకానికి నాలుగు ప్రశ్నలు. ఇంట్లో కోయ మాట్లాడి బడిలో తెలుగు నేర్చుకునే పిల్లలకు టౌను పిల్లలతో సమానంగా నిలబడే చోటు ఇదే. దీనికి గైడు కంటే పాత పేపరు, కత్తెర ఎక్కువ పనికొస్తాయి. చదరపు కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి మూలన చిన్న చిల్లు పెట్టండి. విప్పే ముందు ఎన్ని చిల్లులుంటాయో, ఎక్కడుంటాయో పిల్లతో పలక మీద గీయించండి. విప్పి పోల్చనివ్వండి. నాలుగు చిల్లులని సంఖ్య చెప్పడం తేలిక, చోటు సరిగ్గా గీయడానికే సాధన కావాలి. రెండు వారాలు ఇలా చేతులతో చేసిన పిల్లకు కాగితం లేకుండానే కళ్ల ముందు మడత విప్పుకోవడం వస్తుంది.

లెక్కల్లో చాలాసార్లు తప్పు జవాబులు కూడా నమ్మకంగా ఉంటాయి. ఒక నమూనా: 240 టన్నుల బొగ్గు కుప్పలో నాలుగో వంతు తరలించారు. ఒక టిప్పరు ట్రిప్పుకు 15 టన్నులు మోస్తుంది. మిగిలింది తరలించడానికి ఎన్ని ట్రిప్పులు? జవాబులు 4, 12, 16, 18. నాలుగో వంతు 60, మిగిలింది 180, పదిహేనుతో భాగిస్తే 12. 'మిగిలింది' అన్న మాట వదిలేసి మొత్తాన్ని భాగిస్తే 16 వస్తుంది, తరలించినదాన్ని భాగిస్తే 4 వస్తుంది. రెండూ జవాబుల్లో సిద్ధంగా ఉన్నాయి. పిల్ల తప్పు చేసినప్పుడు సరైన జవాబు చెప్పే ముందు, ఆ తప్పు సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో తననే చెప్పనివ్వండి. భిన్నాలు, దశాంశాలు, క.సా.గు., గ.సా.భా., శాతాలు, లాభనష్టాలు, చుట్టుకొలత, వైశాల్యం ఇవే తిరిగి తిరిగి వస్తాయి.

ఓఎంఆర్ షీటుతో మొదటి పరిచయం పరీక్ష హాల్లో కాకూడదు. నమూనా షీట్లు జిరాక్స్ తీయించి నీలం లేదా నలుపు బాల్‌పెన్‌తో గుండ్రం నిండా, అంచు దాటకుండా నింపించండి. నింపాక మార్చడానికి వీల్లేదు. ఒక ప్రశ్న వదిలేసినప్పుడు షీటులోనూ ఆ వరుస వదలాలి. అది మరచిపోతే అక్కడి నుంచి జవాబులన్నీ ఒక గడి జరిగిపోతాయి. ఐదు ప్రశ్నలకొకసారి నంబరు సరిచూసుకోవడం అలవాటు చేయండి.

ఏడో మెట్టు: పరీక్ష రోజు

కేంద్రం హాల్‌టికెట్ మీద ఉంటుంది. గూడెం నుంచి తెల్లవారుజామున బస్సు లేకపోతే ముందు రోజే టౌనులో బంధువుల ఇంటికి చేరడం మేలు. గంట మెంటల్ ఎబిలిటీకి, అరగంట లెక్కలకి, అరగంట భాషకి అన్న విభజన ముందే అలవాటై ఉండాలి. ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతే దాటి వెళ్లాలి, చివరి నిమిషాల్లో ఏ వరుసా ఖాళీగా వదలకూడదు.

ఆరో తరగతి పరీక్ష జీవితంలో ఒక్కసారే. ఒకసారి రాసిన పిల్ల మళ్లీ రాయకూడదు. అందుకని "ఈసారి ఊరికే రాసి చూద్దాం" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఎనిమిదో మెట్టు: ఎంపికయ్యాక

జాబితాలో పేరు రావడం తాత్కాలిక ఎంపికే. ఫైలు పని ఇప్పుడుంది. మూడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు, గ్రామీణ ప్రాంతంలో చదివినట్టు అధికారి ధ్రువపత్రం, కులం, నివాసం, జనన పత్రం, వైద్య ధ్రువపత్రం ఒరిజినల్స్ చూపాలి. దరఖాస్తులో రాసింది కాగితంతో సరిపోలకపోతే సీటు తర్వాతి పిల్లకు వెళ్తుంది. చదువు ఏడు లేదా ఎనిమిదో తరగతి దాకా ప్రాంతీయ భాషలో, ఆపైన ఇంగ్లిష్‌, హిందీల్లో ఉంటుందని, తొమ్మిదో తరగతిలో కొందరిని ఏడాది పాటు హిందీ రాష్ట్రపు విద్యాలయానికి పంపుతారని ముందే ఇంట్లో మాట్లాడుకోండి. తొమ్మిది నుంచి నెలకు 600 రూపాయల విద్యాలయ వికాస్ నిధి ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, ఆడపిల్లలకు, దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాలకు అది లేదు.

తొమ్మిదో మెట్టు: సీటు రాకపోతే

ఊరి బడిలో ఉండిపోయిన పిల్లకే దక్కే అవకాశం ఒకటుంది, జాతీయ ఉపకార వేతన పరీక్ష ఎన్‌ఎంఎంఎస్. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివేవాళ్లు రాయాలి. నవోదయ, గురుకులాల్లో ఉచిత వసతి పొందే పిల్లలకు ఇది లేదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీలకైతే 50. కుటుంబ ఆదాయం ఏడాదికి 3,50,000 దాటకూడదు. రెండు పేపర్లు, ఒక్కోటి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. నవోదయ కోసం చేసిన బొమ్మల సాధన ఇక్కడ అక్కరకొస్తుంది. నవోదయలోనూ తొమ్మిదో తరగతి ఖాళీలకు వేరే పరీక్ష ఉంది, ఎనిమిదో తరగతిలో ఉండగా రాయాలి. ఆరో తరగతికి ఒకసారి రాసినా ఇది రాయవచ్చు.

ప్రతిభ పరీక్షను చోటుతో ముడిపెట్టడం సరైందేనా అని అడిగేవాళ్లున్నారు. ఈ గొడవ మనకే పరిమితం కాదు. తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో థామస్ జెఫర్సన్ హైస్కూల్ అనే పేరున్న ప్రభుత్వ బడి ఉంది. 2020లో దాని ప్రవేశ పరీక్ష తీసేసి, ప్రతి మిడిల్ స్కూలు ఎనిమిదో తరగతిలో 1.5 శాతం మందికి సీట్లు కేటాయించారు. ఆసియా సంతతి పిల్లల వాటా ఎంపికైనవాళ్లలో 73 శాతం నుంచి 54కు పడింది. తల్లిదండ్రుల బృందం కోర్టుకెళ్లింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు కేసు విచారణకే తీసుకోలేదు, కొత్త పద్ధతి నిలిచింది. అక్కడ నష్టం జరిగిందన్నది వలస వెళ్లిన చదువుకున్న కుటుంబాలు. ఇక్కడ అదే తరహా నియమం వల్ల లాభపడేది పినపాక అడవి బడి పిల్ల. నా మటుకు నవోదయ గ్రామీణ నియమం న్యాయమైందే. లోపమల్లా ఆ నియమం ఎవరికి మేలు చేయాలో వాళ్లకే చివర్లో తెలియడం.

అది సరిదిద్దడానికి కొత్త జీవో ఏమీ అక్కర్లేదు. ప్రతి ప్రాథమిక పాఠశాల నోటీసు బోర్డు మీద నాలుగు వాక్యాలు చాలు: ఈ బడి ఉన్న జిల్లా, ఈ బడి గ్రామీణమా పట్టణమా, ఈ బడి పిల్లల నవోదయ ఏది, ఏ తరగతిలో ఏ పరీక్ష. మండల విద్యాధికారి ఏటా జూన్‌లో వాటిని సరిచూసి సంతకం పెట్టాలి, హద్దు మారితే అదే వారంలో బోర్డు మారాలి. తల్లిదండ్రులారా, మీ పిల్ల రెండో తరగతి పూర్తి చేస్తుంటే బడి మార్చే ముందు ఒక్కసారి హెడ్మాస్టరును కలిసి ఆ నాలుగు వాక్యాలు అడగండి. బోర్డు మీద లేకపోతే రాయించండి.